కొవ్వొత్తి తల్లి

వారం గడిచింది గానీ పూరింగ్ ఇంకా పోయిన ఆదివారం దగ్గరే ఆగిపోయి ఉంది. ప్రార్థన ముగిసి జనం బయటికి వస్తున్నప్పుడు, చర్చి మెట్ల మీద, ఊరందరి ఎదుటా ఆమె పెంచిన మేనకోడలు జెర్లీన్ చంకలో పసిపిల్లతో వెళ్ళి ఆ తెల్లపిల్ల జిత్కా చెయ్యి పట్టుకుంది. “నా బిడ్డకు జ్ఞానతల్లిగా నిలబడతావా?” అని అడిగింది. జిత్కా పళ్ళన్నీ బయటపెట్టి, ఎవరో మామిడిపండు తింటావా అని అడిగినట్టు, “ఓ, తప్పకుండా!” అంది. పక్కనే నిలబడి ఉన్న పూరింగ్ చేతిలో కాగితం సంచీ ఉంది. సంచీలో జ్ఞానస్నానపు గౌను ఉంది. ఆ సంచీని ఒంటికి అదుముకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఎండలో ఇంటికి నడిచి వచ్చేసింది.

జెర్లీన్ కడుపుతో ఉండి, కాళ్ళు వాచి చాప మీద పడుకున్న రోజుల్లో ఆ కాళ్ళకు కొబ్బరినూనె రాసింది పూరింగే. “నా బిడ్డను చర్చిలో ఎత్తుకునేది నువ్వే అత్తా” అని అప్పుడు జెర్లీనే అంది. పూరింగ్ అడగలేదు. అడిగి పుచ్చుకున్న మాటైతే పోయినా బాధ లేకపోను. అడగకుండా చేతిలో పెట్టిన మాటను ఊరి ముందు లాక్కోవడమే ఆమెకు మింగుడుపడలేదు.

సముద్రం ఒడ్డునున్న బాయ్‌బాయన్ పేటలో జ్ఞానస్నానమంటే జ్ఞానతల్లులు అరడజను మంది ఉంటారు. బిడ్డను చేతుల మీద నీళ్ళతొట్టి దాకా తీసుకెళ్ళేది మాత్రం ఒక్కతే. బతికినన్నాళ్ళూ ఆ బిడ్డకు రెండో తల్లి ఆమె. మిగతావాళ్ళు కొవ్వొత్తి పట్టుకుంటారు, ఫొటోలో నిలబడతారు, భోజనం చేసి వెళతారు. పెళ్ళీ పిల్లలూ లేని పూరింగ్ పేటలో లెక్కలేనంత మందికి జ్ఞానతల్లి. అన్నిసార్లూ కొవ్వొత్తే. ఎత్తుకునే వంతు ఎప్పుడూ కౌన్సిలర్ భార్యకో, సింగపూర్‌లో పనిచేసే అమ్మాయికో వెళ్ళేది. ఆమె పుట్టింది కూడా కొవ్వొత్తుల పండగనాడే. అది మరియమ్మ శుద్ధి పండగ, అందుకే ‘శుద్ధి’ అని అర్థం వచ్చే పూరిఫికసియోన్ అని పేరు పెట్టారు, పిలవడానికి పూరింగ్. “పుట్టిన రోజే రాసి పెట్టాడమ్మా దేవుడు, నీ చేతికి కొవ్వొత్తేనని” అంటూ చేపలమ్మే సెపింగ్ ప్రతిసారీ నవ్వేది.

ఈసారి కోసం పూరింగ్ చదునైన కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది. నీళ్ళు పోయించుకున్న బిడ్డల్లో ఎవరు ముందు చర్చి గుమ్మం దాటితే వాళ్ళదే అదృష్టం కాబట్టి, ఆఖరి ప్రార్థన కాగానే జ్ఞానతల్లులు బిడ్డల్ని పొదివి పట్టుకుని గుమ్మం వైపు పరుగు తీస్తారు. ఆ పరుగును పూరింగ్ మనసులో ఎన్నోసార్లు పరుగెత్తింది. ఇప్పుడా చెప్పులు మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి.

ఆమెను తోసేసి వచ్చిన ఆ మనిషెవరో చూడబోతే, పందొమ్మిదేళ్ళ పిల్ల. సముద్రమే లేని చెక్ దేశం నుంచి సముద్రాన్ని కాపాడటానికి వచ్చిందట. బడిపిల్లల్ని వెంటేసుకుని తీరం బురదలో మడ మొక్కలు నాటే సేవ. పేటకు పెద్ద అయిన కెప్టెన్ ఊరందర్నీ వదిలి ఆ పిల్లను పూరింగ్ ఇంట్లోనే దింపాడు, ఖాళీ గది ఉందని. వచ్చి మూడు వారాలు. ఈ మూడు వారాల్లో ఆ పిల్ల ఏమేం చేసిందో పూరింగ్ చెప్పడం మొదలుపెడితే కుట్టుమిషన్ ఆగిపోయేది. బట్టలు ఉతకమంటే సబ్బునురగతో ఆడుకుంటుంది. ఎండుచేపకు ముల్లు తియ్యడం రాదు, రొయ్యలముద్ద వాసన చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, అయినా రోజూ “చాలా బాగుంది మానాంగ్” అంటుంది, ఊళ్ళో పెద్దక్కల్ని పిలిచినట్టే. అబద్ధం చెప్పడం కూడా రాదు. కోడిని చూసినా ఫొటో, కొబ్బరిచిప్పను చూసినా ఫొటో. బురదలోంచి మోకాళ్ళదాకా నల్లగా వచ్చి, ఏదో యుద్ధం గెలిచినట్టు వాకిట్లో నిలబడుతుంది. సేవట సేవ. తన కంచం తాను కడుక్కోవడం నేర్చుకోవడానికి అంత దూరం నుంచి విమానమెక్కి రావాలా అని పూరింగ్ అడిగితే, రెండిళ్ళ అవతలివాళ్ళు కూడా నవ్వారు.

శనివారం పొద్దున్నే జెర్లీన్ వచ్చింది. మర్నాడే జ్ఞానస్నానం. పసిది భుజం మీద నిద్రపోతోంది. పూరింగ్ ఎవరిదో బడి లంగాకు అంచు కుడుతూ తల ఎత్తలేదు.

“అత్తా, గౌను ఇస్తే ఇస్త్రీ చేసుకుంటాను.”

“గౌనెందుకు? మీ తెల్ల జ్ఞానతల్లి దేశం నుంచి మంచుకోటు తెప్పించు. అది తొడుగు.”

“అత్తా…”

“పేరు కూడా ప్రిన్సెస్ జిత్కా అటగా. రేవులో చెప్పుకుంటున్నారు. పిలిచి చూశాను నేను, గదిలో ఒక్కదాన్నే. పిల్లికి తుమ్మొచ్చినట్టుంది.”

“పేరింకా ఏమీ అనుకోలేదు. సెపింగ్ అన్న మాట పట్టుకుని నువ్వు…”

“సెపింగ్ అన్నదో, నువ్వే అన్నావో. తెల్లతోలు జ్ఞానతల్లి ఉంటే క్రిస్మస్‌కి ఓడలో కానుకల పెట్టె వస్తుంది. ఆశపడటంలో తప్పులేదమ్మా. నేనేం ఇస్తాను? గుండీలు ఊడితే కుట్టి పెడతాను. అంతేగా!”

జెర్లీన్ పసిదాన్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చింది. కోపం వస్తే ఆ పిల్లకు ముక్కు కొస ఎర్రబడుతుంది, చిన్నప్పటి నుంచీ. ఇప్పుడు ఎర్రబడింది గానీ గొంతు పెరగలేదు.

“నేను పెట్టె కోసం అడిగానని నువ్వు నిజంగా అనుకుంటున్నావా?”

“మరి దేనికడిగావు? ఆవిడగారి భక్తి చూసా?”

“నీకు తెలియనివి ఉంటాయి అత్తా. ఆ గాలివాన రోజున కూడా నువ్వు ఇట్లాగే, తలెత్తకుండానే మాట్లాడావు.”

“ఏ గాలివాన?”

జెర్లీన్ గుమ్మం వైపు నడిచింది. వాకిలి దాటుతూ, “మధ్యాహ్నం ఉపదేశి దగ్గరికి జ్ఞానతల్లులంతా రావాలి. కొవ్వొత్తికి నీ పేరు ఇచ్చాను” అంది. ఆ మాట మెల్లగానే అంది. పూరింగ్ చేతిలో సూది మాత్రం గుడ్డను వదిలి వేలికి దిగింది.

ఎండ ఎక్కుతుండగా జిత్కా బురద కాళ్ళతో వచ్చింది. పెరట్లో పంపు దగ్గర కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. పూరింగ్ చేట పట్టుకుని ఎదురుగా అరుగు మీద కూర్చుంది. బియ్యంలో రాళ్ళు లేవు. అయినా ఏరడం మొదలుపెట్టింది.

“ఇందయ్” అంది, ఊళ్ళో ఆడపిల్లలెవర్నైనా పిలిచే పిలుపుతోనే. “మధ్యాహ్నం ఉపదేశి ప్రశ్నలడుగుతాడు. నీకేమైనా వచ్చా?”

“ఏం రావాలి మానాంగ్?” వచ్చీరాని ఊరి భాషలో, మధ్యమధ్య బడి ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంది ఆ పిల్ల.

“సిలువ గుర్తు వేసుకో చూద్దాం.”

జిత్కా తడి చెయ్యి ఎత్తింది. ఎడమ చెయ్యి. నుదురు ముట్టుకుంది, తర్వాత ఏమిటో తెలియక గడ్డం ముట్టుకుంది, అక్కడ ఆగి నవ్వింది.

“ఈగల్ని తోలుకుంటున్నావా?” అంది పూరింగ్. “మా ఊళ్ళో మాటలు రాని బిడ్డలు చేస్తారు ఇంతకన్నా బాగా. ఏం నేర్పారమ్మా మీ ఇంట్లో? నీకు జ్ఞానస్నానం ఏ చర్చిలో అయింది?”

జిత్కా పంపు కట్టేసింది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

“నాకు అవలేదు మానాంగ్.”

“ఏమిటి అవలేదు?”

“అదే. నీళ్ళు. ఎవరూ నాకు పొయ్యలేదు. మా అమ్మకి కూడా పొయ్యలేదు. మా ఊళ్ళో చర్చి ఉంది, పెద్దది. అందులో సంగీత కచేరీలు పెడతారు.”

పూరింగ్ చేట కింద పెట్టింది. వారం రోజులుగా గుండె మీద కూర్చున్న బండ ఎవరో వచ్చి ఎత్తేసినట్టయింది. నీళ్ళు పడని మనిషి జ్ఞానతల్లా! ఆ మాట ఉపదేశి చెవిన పడటమే ఆలస్యం.

“మరి జెర్లీన్ అడిగితే ఎందుకు ఒప్పుకున్నావు?”

“అందరూ నన్నే చూస్తున్నారు. నవ్వుతున్నారు. కాదంటే బాధపడుతుందని…”

“ఎవడైనా నవ్వుతూ పెళ్ళి చేసుకుంటావా అని అడిగినా ఒప్పుకుంటావా?”

జిత్కా మొహం ఎర్రబడింది. “జెర్లీన్ అడిగితే కాదనలేను నేను. మీకు చెప్పలేను ఎందుకో. ఆమె చెప్పొద్దంది.”

“రహస్యాలు కూడానా! సరే, జ్ఞానతల్లి అంటే నీ బుర్రలో ఏముంది?”

“పుట్టినరోజులాగా అనుకున్నాను. బొమ్మ కొంటాను, ఉత్తరాలు రాస్తాను.” మాటలు వెతుక్కుంటూ అంది. “నాకు ఆ నీళ్ళ మీద నమ్మకం లేదు మానాంగ్. మీకుంది. మీరు నమ్మడం నాకు ఇష్టం. పాత కథలాగా, అందంగా ఉంటుంది.”

అందంగా ఉంటుందట. తన తల్లి చచ్చిపోతూ పట్టుకున్న సిలువ, తుపానులో పేటంతా మోకరించిన నేల, అన్నీ ఈ పిల్లకు గోడకు తగిలించుకునే బొమ్మలు! పూరింగ్‌కి కోపం రావలసింది. రాలేదు. చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా, చల్లగా ఉంది. రెండో మనిషికి ఈ మాట చెప్పక్కర్లేదు కూడా. ఉపదేశి అందర్నీ వరసగా అడుగుతాడు. ఈ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. తాను పక్కన కూర్చుని ఉంటే చాలు.

“భోంచెయ్యి” అంది. “నీలం గౌను వేసుకో. మధ్యాహ్నం కలిసే వెళదాం.”

జిత్కా మొహం విప్పారింది. ఈ ఇంట్లో “కలిసి” అనే మాట ఆ పిల్ల వినడం అదే మొదలు.

చర్చి పక్క గదిలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. అరటాకులో చుట్టిన తీపి బియ్యపు ముద్దలు పళ్ళెంలో పెట్టి ఉన్నాయి, అందరూ విసనకర్రలు ఊపుకుంటున్నారు. పూరింగ్ అందరికన్నా ముందు చెప్పులు వాకిట్లో ఎండలో వదిలి లోపలికి వెళ్ళి, గుమ్మం కనబడే కుర్చీలో కూర్చుంది. వెనకే వచ్చిన జిత్కా తన చెప్పులు విడిచి, వంగి, పూరింగ్ చెప్పుల్ని రెండు వేళ్ళతో ఎత్తి గోడవారన నీడలో పెట్టింది. అలవాటైన పనిలా, ఎవరివైపూ చూడకుండా చేసింది. తన చెప్పుల్ని ఎండలోనే వదిలేసింది.

పూరింగ్ చూసింది. ఈ మూడు వారాలూ పెరట్లోంచి వచ్చినా, అంగట్లోంచి వచ్చినా తన చెప్పులు చల్లగానే తగిలేవి. గోడ నీడ అటు జరిగిందనుకునేది. ఒకసారి కుక్క లాగిందనుకుని కుక్కను తిట్టింది కూడా. ‘చెప్పులు మోస్తోందన్నమాట. ఇదీ సేవేనేమో!’ అనుకుని మొహం తిప్పుకుంది. కానీ అరికాలి కింద చల్లదనం లాంటిదేదో ఎక్కడో తగిలి వెళ్ళింది. అది ఆమెకు నచ్చలేదు.

ఉపదేశి ఎస్తెబాన్ ముసలివాడు. ఫాదర్ నెలకొకసారి పడవలో వస్తాడు గనక మిగతా రోజుల్లో పేట ప్రార్థనలన్నీ ఆయనవే. జెర్లీన్ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. భర్త నోనిటో గోడకు చేరగిలి నిలబడ్డాడు. ఉపదేశి ఒక్కొక్కర్నీ అడుగుతూ వచ్చాడు. సెపింగ్, ఈ పేట చర్చిలోనే. కెప్టెన్ భార్య, పట్నం పెద్ద చర్చిలో. పూరింగ్, ఈ పేట చర్చిలోనే, కొవ్వొత్తుల పండగ మర్నాడు.

“నువ్వమ్మా, ఇందయ్ జిత్కా?”

పూరింగ్ విసనకర్ర ఆపింది.

“నాకు జ్ఞానస్నానం అవలేదు” అంది జిత్కా, అందరికీ వినబడేట్టు. “పొద్దున మానాంగ్ అడిగితే తెలిసింది, అది ముఖ్యమని. ముందే చెప్పాల్సింది. తప్పు నాదే.”

విసనకర్రలన్నీ ఒక్కసారిగా ఆగాయి. సెపింగ్ నోరు నొక్కుకుంది గానీ నవ్వు ముక్కులోంచి వచ్చింది. “అయ్యో, ఊరిపిల్లకు రెండో తల్లిని పెడదామంటే ఆవిడకి మొదటి నీళ్ళే పడలేదే!” అంది కెప్టెన్ భార్య. జెర్లీన్ తల వంచుకుంది. ముక్కు కొస మళ్ళీ ఎర్రబడింది.

ఉపదేశి నిట్టూర్చాడు. “నీ మనసు మంచిదే తల్లీ. కానీ నువ్వు జ్ఞానతల్లివి కాలేవు. అది మా చేతిలో లేదు.”

“నేనున్నాను కదా” అంది పూరింగ్. గొంతులో గెలుపు వినబడకుండా ఉండాలని ప్రయత్నించింది, ఫలించలేదు. లేచి జెర్లీన్ ముందు నిలబడి చేతులు చాపింది. “గౌను కూడా నా దగ్గరే ఉంది. మొహాలు చూసి మురిసిపోతే ఇట్లాగే అవుతుంది. పోనీలే, నీళ్ళతొట్టి దాకా వెళ్ళకముందే తెలిసింది. ఇటివ్వు పిల్లని.”

జెర్లీన్ బిడ్డను ఇవ్వలేదు. ఇంకా దగ్గరికి లాక్కుంది.

“రేపు నీళ్ళు పొయ్యక్కర్లేదు మానోంగ్” అంది, అత్త వైపు కాదు, ఉపదేశి వైపు చూస్తూ. “నా బిడ్డకు నీళ్ళు పడ్డాయి.”

ఉపదేశి ముందుకు వంగి, “ఎప్పుడు?” అన్నాడు.

“గాలివాన రోజు. బిడ్డ పాలు తాగడం మానేసింది. ఒళ్ళు కాలిపోతోంది. ముందు అత్త గుమ్మంలోకే వెళ్ళాను. అత్త మిషన్ మీద ఉంది. ‘ప్రతి తుమ్ముకీ పట్నం పరుగెత్తే తల్లివి నువ్వొక్కదానివే, కడుపులో గాలి, ఇంగువ రాయి’ అంది. తల ఎత్తలేదు.” జెర్లీన్ గొంతులో నింద లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది, అంతే. “ఆ అమ్మాయి పెరట్లోంచి చూసింది. ఏమీ అడగలేదు. నా సంచీ తీసుకుని రేవు దాకా వచ్చింది. పడవలో నీళ్ళు తోడటానికి మనిషి కావాలని నోనిటో అంటే ఎక్కేసింది.”

“మధ్యలో గాలి తిరిగింది” అన్నాడు నోనిటో, గోడ దగ్గర్నుంచి. “అల తర్వాత అల. నేను చుక్కాని వదిలితే అందరం పోతాం.”

“బిడ్డ పెదాలు నీలంగా అయ్యాయి. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. కన్నవాళ్ళు సొంత బిడ్డకు నీళ్ళు పొయ్యకూడదు కదా మానోంగ్, వేరే మనిషి ఉంటే. ఉన్న వేరే మనిషి ఆమె ఒక్కతే. మంచినీళ్ళ సీసా చేతికిచ్చి మాటలు నేను చెప్పాను, ఆమె పోసింది. అందుకే జ్ఞానతల్లిగా ఆమెనే అడిగాను. పెట్టె కోసం కాదు.”

ఆసుపత్రిలో బిడ్డ కోలుకున్న సంగతి ఇక చెప్పనక్కర్లేదు. జెర్లీన్ ఒళ్ళో పిడికిలి చప్పరిస్తూనే ఉంది.

పూరింగ్ చేతులు చాపినవి చాపినట్టే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రం గుర్తొచ్చింది. కెప్టెన్ కూతురి గౌను, మెడ దగ్గర కుచ్చులు సరిగ్గా పడటం లేదు. గుమ్మంలో నీడ పడింది, ఏదో అంది, తానేదో అంది. నీడ పోయింది. రాత్రికి జిత్కా ఇంటికి రాకపోతే, ఏ బీచిలో ఫొటోలు తీసుకుంటోందో అనుకుని తలుపు గడియ వేసుకుని పడుకుంది.

“నాకెందుకు చెప్పలేదు?” అంది.

“చెబితే నువ్వు పొమ్మన్న మాట కూడా చెప్పాలిగా” అంది జెర్లీన్. “వద్దనుకున్నాను.”

మూడు వారాల క్రితం వచ్చిన ఒక పిల్ల, తాను పెంచిన ఒక పిల్ల, ఇద్దరూ కలిసి తన పరువు కాపాడారు. తాను వాళ్ళను రేవంతా వినేట్టు తిట్టింది.

ఉపదేశి జిత్కా వైపు తిరిగాడు. ఇప్పుడాయన గొంతు మారింది. “ఏ పేరు పెట్టి పోశావమ్మా? నీళ్ళతో పాటు పలికిన పేరే బిడ్డకు నిలుస్తుంది.”

జెర్లీన్ తలెత్తింది. “పేరా? గాలిలో నాకేమీ వినబడలేదు. నేను ఏడుస్తున్నాను.”

“మాటల మధ్యలో పేరు రావాలని ఆమె చెప్పింది” అంది జిత్కా. “ఏ పేరు అని అరిచాను. ఆమెకు వినబడలేదు. చర్చికి తగిన పెద్ద పేరు నాకొక్కటే తెలుసు. మానాంగ్ కుట్టుమిషన్ పైన, అద్దం కట్టిన గుడ్డ మీద, దారంతో కుట్టి ఉంటుంది. రోజూ చదువుతాను, పలకడం వచ్చేదాకా.” మెల్లగా, ఒక్క అక్షరం తప్పకుండా పలికింది. “పూరిఫికసియోన్.”

సెపింగ్ ఈసారి నవ్వలేదు. సిలువ గుర్తు వేసుకుంది.

జెర్లీన్ ఒళ్ళోని బిడ్డ వైపు కొత్తగా చూసింది, ఎవరి బిడ్డనో చూస్తున్నట్టు. పూరింగ్ ఎవరి వైపూ చూడలేదు. ఆ పేరు తన తర్వాత ఈ భూమ్మీద ఎవరికీ ఉండదని ఎప్పుడో తేల్చుకుంది ఆమె.

“ఇందులో ఒక మెలిక ఉంది” అన్నాడు ఎస్తెబాన్, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. “ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరు పోసినా చెల్లుతుంది. నీళ్ళు పడనివాళ్ళు పోసినా చెల్లుతుంది. నమ్మకం లేకపోయినా పర్వాలేదు. కానీ పోసేటప్పుడు, చర్చి చేసే పనే నేనూ చేస్తున్నాననే ఉద్దేశం ఉండాలి. ఆటగానో, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడానికో పోస్తే అవి వట్టి నీళ్ళే. ఫాదర్ రేపు మొదట అడిగేది ఇదే. ఇందయ్, ఏమనుకుని పోశావు?”

జిత్కా జెర్లీన్ ఒళ్ళోని బిడ్డను చూసింది. “నాకు తెలియదు” అంది. “చచ్చిపోకూడదని అనుకున్నాను. జెర్లీన్ చెప్పింది సరిగ్గా చెయ్యాలనుకున్నాను. ఇంకేం అనుకున్నానో గుర్తు లేదు. అబద్ధం చెప్పలేను.”

“అటూ కాదు, ఇటూ కాదు. ఏదైనా ఇక జ్ఞానతల్లి పూరింగే” అన్నాడు ఉపదేశి. “చెల్లితే రేపు మళ్ళీ నీళ్ళుండవు, తైలం మాత్రమే. బిడ్డ తల్లి ఒళ్ళోనే ఉంటుంది, జ్ఞానతల్లి పక్కన కొవ్వొత్తి పట్టుకుంటుంది. పేరు అదే పేరు. చెల్లకపోతే అంతా మొదటి నుంచీ. జ్ఞానతల్లి బిడ్డను నీళ్ళతొట్టి దాకా ఎత్తుకుంటుంది. పేరు తల్లి ఇష్టం.” కళ్ళద్దాలు పెట్టుకుని పూరింగ్‌ను చూశాడు. “ఒకే ఇంట్లో ఉంటున్నారు. పొద్దున నువ్వామెను అడిగావట కదా. ఆ నీళ్ళ గురించి ఈ అమ్మాయి నీతో ఏమంది పూరింగ్? మాట మాటగా చెప్పు. రేపు ఫాదర్ ముందు కూడా నువ్వదే చెప్పాలి.”

పాత కథలాగా అందంగా ఉంటుంది. ఆ మాట నాలుక చివరే ఉంది. నిజం కూడా. అది చెబితే రేపు పొద్దున పసిది తన చేతుల్లో ఉంటుంది, పెట్టెలోని కొత్త చెప్పులు కాళ్ళకు ఉంటాయి, అందరికన్నా ముందు తానే గుమ్మం దాటుతుంది. చెప్పకపోతే మళ్ళీ ఆ కొవ్వొత్తే. మైనం వేళ్ళ మీద కారుతుంటే పక్కన నిలబడటమే. తన పేరున్న బిడ్డ పక్కన.

జిత్కా ఆమె వైపే చూస్తోంది. బతిమాలడం లేదు. పొద్దున తానేం చెప్పిందో ఆ పిల్లకు తెలుసు. అది పూరింగ్ చెప్పినా కాదనదని ఆ కళ్ళలోనే ఉంది. ఎంత తెలివితక్కువ పిల్ల, అనుకుంది పూరింగ్. ఇంత తెలివితక్కువతనాన్ని ఎట్లా భరించడం?

గుమ్మం అవతల వాకిలంతా ఎండ పరుచుకుంది. గోడవారన నీడలో ఒక్క జత చెప్పులు.

“చెప్పు పూరింగ్” అన్నాడు ఉపదేశి.

జెర్లీన్ ఒళ్ళో పసిది ఆవలించింది. పూరింగ్ నోరు తెరిచింది.